దేవునికి కాని పొట్టేలు

మార్గశిరం చలిలో గొర్రెల బొచ్చు కత్తిరించే మనిషిని ధరూర్ దగ్గరి ఆ ఊళ్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. దసరాకు ముందు ఎప్పటిలాగే ఒకసారి కత్తిరించాడు మాసయ్య. మళ్లీ బొచ్చు సరిగా మొలవకముందే ఇంటి ముందు గోనెపట్టా పరిచి, గొర్రెను పక్కకు ఒరగబెట్టి, కాళ్లు కట్టి, కత్తెర పట్టాడు. చేనికి పోయేవాళ్లు ఆగి చూసేవారు. కత్తెర చప్పుడే గాని, కింద రాలేది గుప్పెడంత.

"ఏంది మాసన్నా, గొర్లకు గుండ్లు కొడుతున్నవ్? ఏ దేవునికి మొక్కినయ్ పాపం?"

"మొక్కింది అవి గాదు, నేను" అనేవాడు మాసయ్య తల ఎత్తకుండా.

నవ్వేవాళ్లు నవ్వి పోయేవారు. ఆయనకు మాత్రం అది నవ్వులాట కాదు. తమ్ముడు భీమయ్య ఆ ఏడు తేల్చి చెప్పేశాడు. పుష్యంలో పడబోయే పిల్లలను చూడాలి. వాటి ఒంటి మీద బొచ్చు ఉంటే సరి. లేకపోతే గద్వాల సంతలో పాత మందను అమ్మేసి, నెల్లూరు జాతి గొర్రెలు తేవాలి. అవి పొడుగ్గా, బరువుగా పెరుగుతాయి. ఒంటి మీద బొచ్చు ఉండదు, కురచ వెంట్రుకే. కటికవాళ్లు వాటికోసం ఎగబడుతున్నారు. మంద ఇద్దరన్నదమ్ములదీ కలిపే ఉంది కాబట్టి కాదనడానికి మాసయ్య దగ్గర ఒకే ఆధారం ఉండాలి, అది బొచ్చు. బొచ్చు లేకపోతే మగ్గం లేదు. మగ్గం లేకపోతే మాసయ్య గొర్రెలు కాసే ముసలాడు మాత్రమే.

ఆయనకు అప్పటికి యాభై దాటాయి. కురుమ కులం. గొర్రెలు కాయడం, వాటి బొచ్చుతో గొంగళ్లు నేయడం తండ్రి నేర్పి పోయిన పని. భార్య కిష్టమ్మ బొచ్చు ఏకి, వడికి నూలు చేసేది. ఇంటి వెనక గుంతమగ్గంలో ఆయన నేసేవాడు. చింతగింజల గంజి పట్టించిన పడుగును వాకిట్లో సాగదీసి కుంచెతో దువ్వుతుంటే వీధంతా పుల్లటి వాసన. గద్వాలలో పట్టంచు చీరలు నేసే మగ్గాలు ఆయన చూశాడు. వాటి ముందు తన మగ్గం మోటుదని తెలుసు. అయినా పోలిక తెస్తే ఊరుకునేవాడు కాదు. "వాళ్ల చీర పెండ్లికి కట్టి పెట్టెల పెడ్తరు. నా గొంగడి ఎత్తుకోని వానల నిలబడ్తరు. రెండిట్ల ఏది ఎక్కువ దినాలు ఒంటిమీద ఉంటదో మీరే చెప్పుండ్రి."

ఎనభైల చివరి ఏళ్లవి. అవతల జూరాల దగ్గర కృష్ణకు ఆనకట్ట కడుతున్నారు. ఆ పనికి వచ్చిన కూలీలు మిల్లు రగ్గులు కప్పుకునేవారు. వాళ్లను చూసి ఊళ్లో కుర్రవాళ్లూ రగ్గులే కొన్నారు. బొచ్చు కొనడానికి వచ్చే బేరగాళ్లు రావడం మానేశారు. చాలామంది కురుమలు కత్తిరించడం కూడా మానేశారు. కత్తిరించి ఎక్కడ పోయాలి? సరిగ్గా ఆ ఏళ్లలోనే మందల రంగు మారడం మాసయ్య గమనించాడు. తండ్రి కాలంలో మంద ఇంటికి వస్తుంటే నల్లమబ్బు దిగినట్టుండేది. ఇప్పుడు అందులో ఎర్రవి, బూడిదవి, మచ్చలవి. నల్లవాటికి కూడా వీపు మీద పలుచటి బొచ్చు, పొట్ట కింద బోడి.

మాసయ్య దీనికి ఒక కారణం కట్టుకున్నాడు. అడుగుతుంటేనే గొర్రె ఇస్తుంది. అడగడం మానేస్తే దాని ఒళ్లు బొచ్చు పెంచడం మరిచిపోతుంది. తల్లి మరిచిపోతే పిల్లకు ఎక్కడినుంచి వస్తుంది? పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించేది ఎందుకు, జుట్టు ఒత్తుగా రావాలనే కదా. కాబట్టి మందు ఒకటే, కత్తెర. కడుపుతో ఉన్న గొర్రెలకు ఒకటికి రెండుసార్లు కత్తిరిస్తే, లోపలి పిల్లకు కూడా కబురు అందుతుంది.

భీమయ్య కారణం వేరు. "ఎండలు ముదిరినయ్ అన్నా. ఈ ఎండకు గొంగడి కప్పుకోని తిరుగుమంటే నువ్వు తిరుగుతవా? గొర్రెకు గూడ అక్కల్ ఉన్నది, తెలివున్నది. అక్కెర లేదనుకున్నది, ఇడిసిపెట్టింది."

"గొర్రెకు అక్కల్ ఉంటే నిన్ను కాయనిస్తదా?"

ఇట్లా మొదలయ్యేది, ఇట్లాగే ముగిసేది. ఇద్దరికిద్దరూ ఒక్క విషయంలో ఏకమే. మారుతున్నది గొర్రె, తనంతట తానే మారుతున్నది.

కిష్టమ్మ మాత్రం ఈ చలి కత్తిరింపుకు ఒప్పుకోలేదు. ఆమెకు పుట్టింటివాళ్లు పెండ్లిలో అరణంగా ఇచ్చిన గొర్రెల సంతానం మందలో ఉంది. చెవి కొసకు కొట్టిన గాటును బట్టి అవి ఆమెవని తెలుస్తుంది. "నావాటి మీద కత్తెర పెట్టినవంటే రేపట్నుంచి బువ్వ నువ్వే వండుకో. కడుపుతోని ఉన్నయ్, చలికి సస్తయ్" అంది. మాసయ్య కొంచెం సణిగి, ఆమె గొర్రెలను వదిలేశాడు.

ఇదంతా ఇట్లా ఉండగా మందలో ఎవరికీ చెందని పొట్టేలు ఒకటి తిరుగుతోంది. దాని సంగతి చెప్పాలంటే ఆ ఊరి ఆచారం చెప్పాలి.

శ్రావణంలో కురుమలు బీరప్ప పండుగ చేస్తారు. దేవునికి ఇచ్చే పొట్టేలును ముందు ఏడు ఉగాది తర్వాతే ఎంచుతారు. అప్పటికి పిల్లల ఒంటి తీరు తెలుస్తుంది. ఊరి మందలన్నీ చూసి, నఖశిఖం నల్లగా, మోకాళ్ల దాకా బొచ్చు దిగి, కాలూ కొమ్మూ సరిగ్గా ఉన్నదాన్ని పట్టి కొమ్ముకు ఎర్రదారం కడతారు. ఆనాటి నుంచి అది దేవునిది. దానికి వేరే కొట్టం, వేరే మేత. ఆడగొర్రెల్లోకి వదలరు. ఆడగొర్రెను కలిస్తే ముట్టయినట్టు, ఇక ఆ పొట్టేలు దేవునికి పనికిరాదు. ఆ ఊళ్లో ఆ దారం ఎక్కువసార్లు మాసయ్య ఇంటి పొట్టేలుకే పడేది. ఆయన తండ్రికి అది గొప్ప, ఆయనకూ గొప్పే. "దేవుడు మా మందను ఎరిగినోడు" అని చెప్పుకునేవాడు.

ఆ ఏడే ఆషాఢంలో, పండుగకు కొద్దిరోజుల ముందు, వానకు నాని కొట్టం గోడ కూలింది. తెల్లారి చూస్తే దేవుని పొట్టేలు ఆడగొర్రెల మధ్య నిలబడి ఉంది. మందలో ఎప్పుడూ తిరిగే ఎర్ర పొట్టేలు, ఏనాడో దారిన పోయే మంద నుంచి వచ్చి కలిసినదాని సంతానం, ఒక కొమ్ము విరిగి మూలన నక్కి ఉంది. కులపెద్ద జంగయ్య వచ్చి చూసి, పెదవి విరిచి, కొమ్ముకున్న దారం తెంపేశాడు. ఆ ఏడు దేవునికి, వచ్చే ఏటికని దారం కట్టి ఉంచిన వేరే ఇంటి పొట్టేలు పోయింది. మాసయ్య పండుగలో వెనక వరసన నిలబడ్డాడు.

భీమయ్య దాన్ని సంతకు తోలుకుపోయాడు. కటికవాళ్లు కొమ్మును చూశారు. దారం కట్టినచోట గీత పడి ఉంది. దేవునిదని తెలిసి ఎవరూ ముట్టలేదు. దేవునికీ కాకుండా, కటికవాళ్లకూ కాకుండా అది ఇంటికి తిరిగొచ్చింది. కొట్టం గోడ మళ్లీ కట్టేదాకా అని మందలోనే ఉంచారు. గోడ ఎవరూ కట్టలేదు. ఎర్ర పొట్టేలు దాని దరిదాపులకు రాలేదు.

"పెండ్లి తప్పిపోయిన పెండ్లికొడుకు లెక్కనే ఉన్నడు సూడు. ఏం చింత లేదు" అనేది కిష్టమ్మ దాన్ని చూసి.

చలి ముదిరినప్పుడు బడిపంతులు తిరుపతయ్య వచ్చాడు. ఆయన వనపర్తి మనిషి, ధరూర్‌లో అద్దెకుండి, సైకిలు మీద ఆ ఊరి బడికి వచ్చేవాడు. పెద్దపిల్లలకు సైన్సు చెప్పేది ఆయనే. ముసలి తండ్రికి గొంగడి కావాలని అడగడానికి వచ్చి, వాకిట్లో బోడి గొర్రెలను చూసి ఆగిపోయాడు.

"ఇదేంది మాసయ్యా?"

మాసయ్య తన లెక్క అంతా చెప్పాడు. కత్తెర, కబురు, పుట్టువెంట్రుకలు. తిరుపతయ్య విని, తలపాగాలాగా చుట్టుకున్న మఫ్లరు తీసి చంకన పెట్టుకున్నాడు. ఆయన నడినెత్తి అద్దంలా మెరిసింది.

"నేను ఏడాదికోసారి తిరుపతి పోత. పోయినప్పుడల్లా గుండు ఇస్త. కత్తిరిస్తే ఒత్తుగ వస్తదంటే నా నెత్తి గిట్ల ఎందుకున్నది?"

భీమయ్య పగలబడి నవ్వాడు. మాసయ్య కొంచెం ఆలోచించి, "మీరు ఆలస్యంగ మొదలుపెట్టిన్రేమో సారూ" అన్నాడు.

తిరుపతయ్యకు కోపం రాలేదు. ఉపదేశం మాత్రం వచ్చింది. అరుగు మీద కూర్చుని, చేతులు తిప్పుతూ చెప్పాడు. "జీవాలల్ల బలమున్నదే నిలుస్తది, బలం లేనిది పోతది. మీ నల్ల గొర్రె పాత మెట్టు, నెల్లూరు గొర్రె కొత్త మెట్టు. కోతి మనిషైనట్టు, గిది గట్ల అయితది. ముందుకు పోయేదాన్ని కత్తెర పట్టుకోని ఆపుతవా?"

"చూసినవా అన్నా" అన్నాడు భీమయ్య.

లోపలినుంచి కిష్టమ్మ అంది. "కోతి మనిషైతే మరి కోతులు ఇంక ఎందుకున్నయ్ సారూ? మొన్న ఆరబెట్టిన కందిపప్పంత ఎత్తుకపోయినయ్."

తిరుపతయ్య అరుగు దిగి, "అది వేరే ముచ్చట, చదివి చెప్త" అన్నాడు. మంచి మనిషి కాబట్టి నిజంగానే చదవాలనుకున్నాడు. గొంగడికి మాట తీసుకుని వెళ్లిపోయాడు. బొచ్చు ఉంటే నేస్తానన్నాడు మాసయ్య.

పుష్యంలో పిల్లలు పడ్డాయి. మొదట పడ్డ రెండు మూడు ఎర్రవి, బూడిదవి. ఆ తర్వాతది నల్లది. దాని వెనక వరసగా నల్లవి, నడుమ ఒక బూడిదది. మాఘం గడిచి ఎండ పొద్దు మొదలయ్యేసరికి వాటి ఒంటి మీద బొచ్చు ముడతలు ముడతలుగా కమ్ముకుంది. అన్నిటికీ కాదు. కొన్ని పలుచగానే ఉన్నాయి, రెండు మూడు తల్లుల్లాగే బోడిగా పెరిగాయి. కాని ఎక్కువవాటి వీపు మీద చెయ్యి పెడితే వేళ్లు కనపడకుండా మునిగిపోతున్నాయి. అట్లాంటి పిల్లలను మాసయ్య చూసి ఎన్నో ఏళ్లయింది.

ఇక ఆయనను పట్టేవాళ్లు లేరు. ధరూర్ హోటల్లో చాయ్ ముందు కూర్చుని చెప్పాడు. గద్వాల బస్సులో పక్కవాడికి చెప్పాడు. కత్తెర మొలకు చెక్కుకుని తిరిగాడు. పక్క ఊరి కురుమలు ఇద్దరు వచ్చి, పిల్లల బొచ్చు వేళ్లతో విడదీసి చూసి, తాము కూడా వచ్చే చలిలో కత్తిరిస్తామన్నారు. భీమయ్య సంత మాట ఎత్తడం మానేశాడు. అన్న అనవలసింది అననే అన్నాడు. "ఎండకు ఇడిసిపెట్టిందంటివి గద. మరి ఈ ఏడు ఎండలు తగ్గినయా?"

ఇంట్లో ఆ సంతోషం చూస్తూ కిష్టమ్మ చాలా రోజులు ఊరుకుంది. ఒకనాడు పిల్లలను తల్లులకు వదిలే వేళ ఆమె తన గొర్రెలను వేరుగా నిలబెట్టింది. వాటి వెనకే వాటి పిల్లలు నిలబడ్డాయి.

"ఓయ్య, గిటు రా. ఇవి ఎవరివి?"

"నీవే. చెవి గాట్లున్నయ్ గద."

"వీటికి చలిల కత్తెర పెట్టినవా?"

"పెట్టనిస్తివా నువ్వు?"

"పిల్లల బొచ్చు చూడు."

చూశాడు. కత్తెర తగిలిన తల్లుల పిల్లలకు ఎంత బొచ్చుందో, తగలనివాటి పిల్లలకూ అంతే ఉంది. ఒకదానికైతే ఇంకా ఎక్కువే ఉంది. మాసయ్య ఆ పిల్లను ఎత్తి పొట్ట కింద చూశాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు.

"పక్కపక్కన పండుకున్నయ్ గద, తగిలి ఉంటది" అన్నాడు చివరికి.

"ఏం తగిలింది? గజ్జా?" అంది కిష్టమ్మ. ఆమె నవ్వలేదు. ఆయన ముఖం చూసి గొంతు తగ్గించింది. "నా మాట ఇను. మా అవ్వ చెవులు కుట్టించుకున్నది. మా అవ్వ అవ్వ కుట్టించుకున్నది. నేను కుట్టించుకున్న. మన ఇంట్ల ఏ పిల్లన్న చెవులకు తొర్రలతోని పుట్టిందా? ఈ గొర్లకు నువ్వు చెవులు గాటు కొట్టబట్టి ఎన్నేండ్లాయె? గాటుతోని ఒక్క పిల్లన్న పుట్టిందా? పుడితే నీకు అంత పని తప్పేది గద. పైన కోసింది లోపలికెట్ల పోతది?"

మాసయ్య అరుగు మీద కూర్చున్నాడు. మొలలోని కత్తెర గుచ్చుకుంటే తీసి పక్కన పెట్టాడు. బొచ్చు వచ్చింది. అది నిజం. కాని తనవల్ల రాలేదు. అంటే ఎట్లా వచ్చిందో తెలియదు. ఎట్లా వచ్చిందో తెలియనిది వచ్చే ఏడు రాకపోతే? భీమయ్య మళ్లీ సంత మాట ఎత్తుతాడు. ఈసారి చెప్పడానికి ఏమీ ఉండదు.

తిరుపతయ్య గొంగడి ఎంతవరకు వచ్చిందో చూడటానికి వచ్చింది ఆ వారంలోనే. వస్తూనే కిష్టమ్మతో అన్నాడు. "అమ్మా, కోతి సంగతి చదివొచ్చిన. నేను చెప్పింది తప్పు. కోతి మనిషి కాలేదు. కోతికి, మనకు ఎన్కట ఎప్పుడో ఒక్కటే పెద్ద ఉండె. ఆ పెద్ద పిల్లలల్ల ఒక పాలు అటు పోయింది, ఒక పాలు ఇటు వచ్చింది. మాసయ్య, భీమయ్య లెక్క. భీమయ్య ఉన్నడని మాసయ్య ఉండొద్దని ఏం లేదు."

"నెల్లూరు గొర్రె, మన గొర్రె గూడ గంతేనా? పాత మెట్టు, కొత్త మెట్టు కాదా?" అని అడిగాడు భీమయ్య.

"కాదు. మెట్లే లేవు. దాయాదులు."

మాసయ్య ఇవేవీ పట్టించుకోలేదు. పిల్లలను చూపించి, కత్తెర తగిలినవీ తగలనివీ వేరు చేసి చెప్పాడు. తిరుపతయ్య తల గోక్కున్నాడు. ఆయనకు కూడా తెలియలేదు. "ఈ బోడివి ఎవరి పిల్లలు?" అని అడిగాడు ఊరికే.

"ఆ మూలకున్న ముసలి గొర్రెలవి. అవి ముందే చూలు కట్టినయ్" అన్నాడు భీమయ్య. "గోడ కూలకముందు. అప్పుడు మందల ఎర్రదే ఉండె." చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

నలుగురూ ఒకేసారి దొడ్డి అవతల చూశారు. దేవునికి కాని పొట్టేలు వేపకొమ్మ మేస్తోంది. దాని బొచ్చు మోకాళ్ల కిందికి దిగి ఉంది.

"పెండ్లికొడుకు" అంది కిష్టమ్మ.

 తర్వాత మాసయ్య నెమ్మదిగా, తనలో తాను గుర్తు చేసుకుంటున్నట్టు పేర్లు చెప్పాడు. ఇంటి గొర్రెలకు ఆయన పేర్లు పెట్టేవాడు. "గండు నల్లోడు దేవునికి పోయె. కొమ్ముల బర్మయ్య పోయె. వాని తర్వాత ఆ జూలుది, మా నాయిన ఏడ్సుకుంట ఇచ్చిండు, అదీ పోయె. ఒక్కటన్న మందల తిరిగిందా? తిరగలే. తిరగొద్దు గద. మా నాయిన దినాలల్ల రెండో నల్లదన్న మందల ఉండేది. ఇప్పుడు దేవుడు తీసుకోనివాట్ల బరువున్నవి సంతకు పోయె. మందల మిగిలిందెవరు?"

"ఎర్రోడు. దేవునికి వద్దు, కటికాయనకు వద్దు" అన్నాడు భీమయ్య.

"వాడే తండ్రి. ఎన్నేండ్ల నుంచో వాడు, వాని తండ్రి, వాని కొడుకు. మనమే ఏరినం భీమా. మంచిది ఏరి అవతలపెట్టినం, మిగిలినదాంతోని మంద పెంచినం. గొర్రె మరిచిపోలే. గొర్రె ఏం మారలే. ఏ గొర్రెకు ఉన్నది దానికే ఉన్నది. ఉన్నవాటిని పంపిచ్చి, లేనివాటిని ఉంచినం."

తిరుపతయ్య మఫ్లరు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "బలమున్నదే నిలుస్తదని చెప్తి. ఇక్కడ బలమున్నదే ముందు పోయింది" అన్నాడు. "పిల్లల్ని కన్నదే నిలుస్తదని చెప్పాలె. రేపు బడిల గట్లనే చెప్త." కొంచెం ఆగి, "దేవుని మాట చెప్పను లే, ఊర్ల గడబిడ అయితది" అన్నాడు.

గడబిడ అక్కడే ఉందని మాసయ్యకూ తెలుసు. ఉగాది వెళ్లింది. జంగయ్య దారపు ఉండతో మందలు చూస్తూ తిరుగుతున్నాడు. ఈ ఏడు ఎవరి దొడ్డిలో ఆగుతాడో ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు.

జంగయ్య డెబ్బై దాటిన మనిషి. మాట కరుకు, చూపు ఇంకా వాడి. దొడ్డిలోకి వచ్చి అటూ ఇటూ చూడకుండా నేరుగా ఒక పొట్టేలు పిల్ల దగ్గరికి పోయాడు. అది కిష్టమ్మ గొర్రె పిల్ల. అన్నిటిలోకీ నల్లది, అన్నిటిలోకీ బొచ్చుది. దారం తీశాడు.

"కాకా, జర ఆగు" అన్నాడు మాసయ్య. పిల్లకూ దారానికీ మధ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇయ్యనంట లేను. ఆగి ఇస్తనంటున్న. రెండు ఈతలు మందల తిరగనీ. దాని పిల్లలు పడ్డంక ఇస్త."

"ముట్టయినదాన్నా?"

"అవు."

జంగయ్య ఆయనను కిందినుంచి పైకి చూశాడు. "మీ నాయిన ఉంటే ఈ మాట అనేటోడా?"

"మా నాయిన ఉంటే ఈ మందను చూసి ఏడ్సేటోడు కాకా." తర్వాత తాను కనుగొన్నదంతా చెప్పాడు. తడబడుతూ చెప్పాడు, కత్తెర సంగతి కూడా దాచలేదు. జంగయ్య వింటూ పిల్ల బొచ్చులో వేళ్లు పెట్టి ఉంచాడు. ఆయన కూడా కురుమే. ఆయన ఇంట్లో మగ్గం మూలపడి చాలా ఏళ్లయింది, ఎందుకు పడిందో ఆయనకు తెలుసు.

"ఆచారం నేను పెట్టింది కాదు. తీసేటందుకు నేనెవణ్ణి?" అన్నాడు.

కిష్టమ్మ వడకడం ఆపింది. "మామా, ఏటేటా శ్రావణంల బీరప్పకు కామరాతితోని లగ్గం చేసేది ఎవరు?"

"నేనే."

"సంసారి దేవునికి సంసారి పొట్టేలు పనికిరాదని ఆయన చెప్పిండా, మనం అనుకున్నమా?"

జంగయ్య మూతి బిగించాడు. అది నవ్వు ఆపుకోవడానికని భీమయ్య తర్వాత అనేవాడు. "నాకు తెల్వదు. ఆయన్నే అడుగుదం. ఆ పెద్దదాన్ని పట్టుకరా" అన్నాడు.

అడగడానికి ఒక పద్ధతి ఉంది. పొట్టేలు మీద పసుపునీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కాదన్నట్టు. దారం తెగిన పొట్టేలును, నిరుడు పనికిరాదన్నదాన్నే, మందకు తండ్రి అయినదాన్నే దేవుడు తీసుకుంటాడా అని అడగాలి. తీసుకుంటే ఇక నుంచి పిల్లలు పడ్డాకే పొట్టేలు. తీసుకోకపోతే ఇప్పుడే ఈ పిల్ల కొమ్ముకు దారం.

సంగతి తెలిసి వీధి వీధంతా వచ్చింది. తిరుపతయ్య బడి వదిలి వచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు. జంగయ్య మొక్కి, చెంబెడు పసుపునీళ్లు దాని వీపు మీద పోశాడు.

పొట్టేలు కదలలేదు. నీళ్లు బొచ్చు మీద నిలిచి, రెండు పక్కలకూ జారి, నేల మీద కారాయి. అది దేవుని కంటే ముందు వేపాకు సంగతి చూస్తున్నట్టు నోరాడిస్తోంది.

మాసయ్యకు అర్థమైంది. ఆ బొచ్చు మీద వానలో నిలబడ్డా చర్మానికి తడి తగలదు. అందుకే కదా గొంగడి. ఏ బొచ్చు కోసం ఇన్నాళ్లూ తంటాలు పడ్డాడో అదే ఇప్పుడు నీళ్లను లోపలికి పోనివ్వడం లేదు. భీమయ్య పక్కకు వచ్చి గొణిగాడు. "చలిల అన్ని గొర్లకు కొట్టినవ్ గుండు. దీనికొక్కదానికి కొట్టకపోతివి."

జంగయ్య రెండో చెంబు తీసుకున్నాడు. ఈసారి పైనుంచి పోయలేదు. మెడ దగ్గర బొచ్చును రెండు చేతులతో పాయ తీసి, చర్మం కనపడేలా పట్టుకోమని మాసయ్యతో సైగ చేశాడు. ఆ పాయలో సన్నగా, ఆగకుండా పోశాడు.

పొట్టేలు నమలడం ఆపింది. తల ఎత్తింది. తర్వాత ముక్కు నుంచి తోక దాకా ఒక్కసారి విదిలించింది. బొచ్చులో నిలిచిన నీళ్లన్నీ జంగయ్య ముఖం మీద, మాసయ్య మీద, గోడ దగ్గరున్న తిరుపతయ్య తెల్లచొక్కా మీద పసుపుగా పడ్డాయి.

"ఒప్పుకున్నడు" అన్నాడు జంగయ్య ముఖం తుడుచుకుంటూ. "గట్టిగనే ఒప్పుకున్నడు."

ఆ శ్రావణంలో ఆ పొట్టేలే దేవునికి పోయింది. అప్పటికి దాని పిల్లలు మంద నిండా ఉన్నాయి. మాసయ్య ముందు వరసలో నిలబడ్డాడు. కిష్టమ్మ గొర్రె పిల్ల కొమ్ముకు దారం పడింది గాని, దానికి వేరే కొట్టం కట్టలేదు.

భీమయ్య తన పాలుకు ఒక నెల్లూరు పొట్టేలును తెచ్చుకున్నాడు. రెండు మందలూ వేరు చేసుకున్నారు, మధ్యలో కంచె వేసుకున్నారు. కంచె ఎవరు బాగు చేయాలన్న దాని మీద ఇద్దరికీ జీవితాంతం సరిపడా గొడవ దొరికింది. మాసయ్య వైపు ప్రతి ఏడూ కొన్ని బోడి పిల్లలు పుడుతూనే ఉండేవి. వాటిని సంతకు పంపేవాడు. బొచ్చువాటిని ఉంచేవాడు. తొంభైలలో మంద మళ్లీ నల్లబడింది, పూర్తిగా కాదు. గొంగళ్లకు గిరాకీ పాతకాలంలా రాలేదు. అయినా పెండ్లిళ్లకు, మేకల కాపరులకు, అమ్రాబాద్ అడవి వైపు మందలు తోలేవాళ్లకు ఆయన మగ్గం మీద ఎప్పుడూ ఒక గొంగడి ఉండేది. తిరుపతయ్య తండ్రికి నేసింది ఆ ముసలాయన పోయాక కొడుకే కప్పుకున్నాడు.

చలిలో కత్తిరించడం మాసయ్య మళ్లీ చేయలేదు. కాని మనుమరాలికి పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు, జుట్టు పలుచగా ఉందని, ఇంకోసారి గుండు చేయిద్దామని పట్టుబట్టాడు. తిరుపతయ్య అక్కడే ఉన్నాడు.

"గొర్లతోని నేర్చుకున్నది ఏమాయె మాసయ్యా?"

"గొర్రె సంగతి వేరు సారూ" అన్నాడు మాసయ్య, పాపను ఒళ్లో సర్దుకుంటూ. "మనుషులకు కత్తెర పని చేస్తది. మీకే ఎందుకో పడలే."

తిరుపతయ్య మఫ్లరు సర్దుకున్నాడు. పైవారమే ఆయన తిరుపతి ప్రయాణం ఉంది.